మూడు పేటల తాడు: ఆచార్య జి.ఎన్. రామచంద్రన్

ఎద్దు బండి లాగుతుంటే అందరం దాని కండనే మెచ్చుకుంటాం. ఆ కండ బలాన్ని ఎముకకు అందించే తెల్లని పట్టీని ఎవరూ పట్టించుకోరు. అదే స్నాయువు. ఎముకను ఎముకతో కట్టేది సంధిబంధనం. కీలు ఒరుసుకోకుండా కాపాడేది మృదులాస్థి. ఈ మూడింటికీ ఆధారం కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాని ముడి విప్పిన మహనీయుడు మన పొరుగున మద్రాసులోనే పనిచేశారు.

రామచంద్రన్ గారు 1922 అక్టోబరు 8న ఎర్నాకుళంలో జన్మించారు. బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరితే, సర్ సి.వి. రామన్ ఆయన్ని ఫిజిక్సులోకి లాక్కున్నారు. కేంబ్రిడ్జిలో పి.హెచ్.డి. ముగించుకొచ్చి, 1952లో, ముప్ఫై ఏళ్ళు నిండీ నిండకుండానే మద్రాసు యూనివర్సిటీలో ఫిజిక్సు ప్రొఫెసరయ్యారు. అప్పటికి మన గుంటూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే.

అక్కడికొచ్చిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని చెప్పారు. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కంగారూ తోక స్నాయువును ఎక్స్ కిరణాలతో పరీక్షించారు. 1954లో అది మూడు గొలుసులని, 1955లో ఆ మూడూ ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయని 'నేచర్' పత్రికలో ప్రకటించారు.

పిడుగురాళ్ల రైతుబిడ్డనైన నాకిది తేలిగ్గానే అర్థమైంది. పలుపు పేనేటప్పుడు ఒక్కో పేటకు ఒకవైపు పురిపెట్టి, మూడూ కలిపేటప్పుడు ఎదురు పురి వేస్తాం. అందుకే తాడు విడిపోదు. కొల్లాజెన్‌లోనూ ఎడమ పురి గొలుసులు మూడు కుడి పురిగా అల్లుకుంటాయి. లోపల ఇరుకు గనక ప్రతి మూడో స్థానంలో అన్నిటికన్నా చిన్నదైన గ్లైసీనే పడుతుంది. స్నాయువులో ఈ పోగులు బారుగా, కాస్త అలలుగా ఉంటాయి. లాగితే ముందు అల సాగుతుంది, ఆపైన బిగుసుకుంటుంది. మృదులాస్థిలోనేమో వలలా అల్లుకుని, నీరు పీల్చుకునే పదార్థాన్ని పట్టి ఉంచుతాయి. బరువు మోసేది ఆ నీటి ఒత్తిడే.

పరమాణువులు మరీ దగ్గరయ్యాయని క్రిక్, రిచ్ ఆక్షేపించి నమూనాను సవరించారు. రామచంద్రన్ అలిగి కూర్చోలేదు. అసలు పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవో లెక్కలు కూడబెట్టారు. 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఇచ్చిన 'రామచంద్రన్ ప్లాట్' ఆ శ్రమ ఫలితమే. ఏ ప్రోటీన్ నమూనా అయినా నేటికీ దానితో సరిచూడాల్సిందే. 1977లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నోబెల్ మాత్రం రాలేదు. 2001 ఏప్రిల్ 7న కన్నుమూశారు.

మిర్చి బస్తాలు మోసి మోకాళ్ళు అరిగినవాళ్ళు మా పల్లెల్లో ఎందరో. అరిగిన మృదులాస్థి మళ్ళీ మునుపటిలా పెరగదు. దాన్ని పెంచే దారి ఇంకా వెతకాల్సే ఉంది. మిత్రులారా, ఆ పని మన లాబొరేటరీల్లో ఎందుకు మొదలు కాకూడదు?