వాడుక వస్తువుల చరిత్రకారుడు: ఆనంద కుమారస్వామి

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆనంద కుమారస్వామి జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• వాడుక వస్తువుల చరిత్రను ఆయన ఏ విధంగా సేకరించారో వివరించగలుగుతారు.
• మీ ఇంటిలోని ఒక పాత వస్తువును పరిశీలించి దాని గురించి రాయగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తుకు వస్తాయి. కాని మన ఇళ్లలో ఉండే అడకత్తెరకు, దువ్వెనకు, చాపకు కూడా చరిత్ర ఉంది. వాటిని ఎవరు చేశారు? ఆ రూపం ఎందుకు వచ్చింది? ఆ పనివానికి కూలి ఎలా ముట్టేది? దక్షిణాసియాలో ఇటువంటి విషయాలను శ్రద్ధగా పరిశోధించిన తొలి పండితులలో ఆనంద కుమారస్వామి ఒకరు. ఆయన మొదట చదివింది కళాచరిత్ర కాదు, భూగర్భశాస్త్రం.

2. బాల్యం, విద్య

కుమారస్వామి 1877 ఆగస్టు 22న సిలోన్‌లోని (నేటి శ్రీలంక) కొలంబోలో జన్మించారు. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి తమిళుడు, న్యాయవాది, శాసన మండలి సభ్యుడు. తల్లి ఎలిజబెత్ ఇంగ్లండు దేశస్థురాలు. 1879లో తండ్రి మరణించారు. బాలుడు తల్లి వద్ద ఇంగ్లండులోనే పెరిగారు. 1900లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి భూగర్భ, వృక్ష శాస్త్రాలలో పట్టం పొందారు.

3. రాళ్ల నుంచి పనివాళ్ల వద్దకు

1903లో ఆయన సిలోన్ ఖనిజ సర్వే శాఖకు డైరెక్టర్ అయ్యారు. 1904లో థోరియనైట్ అనే ఖనిజాన్ని కనుగొన్నారు. ఉద్యోగరీత్యా కొండప్రాంతాల పల్లెలన్నీ తిరగవలసి వచ్చేది. అక్కడ కమ్మరులు, కుమ్మరులు, దంతపు పనివారు, చాపలు అల్లేవారు ఆయన కంటపడ్డారు. వారి పనితనం ఎంత గొప్పదో, వారి స్థితి ఎంత దీనమైనదో ఆయన గమనించారు.

దీనికి కారణం ఏమిటి? క్యాండీ రాజ్యంలో పనివారు రాజుకు, దేవాలయానికి పని చేసిపెట్టి, ప్రతిఫలంగా భూమిని అనుభవించేవారు. ఇది మన పల్లెల్లోని మాన్యం వంటిది. 1815లో ఆ రాజ్యం బ్రిటిషువారి వశమయింది. రాజాస్థానం పోవడంతో దాని ఆదరణా పోయింది. యంత్రాలు చేసిన చవక సరుకు దిగుమతి అయింది. కొడుకు తండ్రి దగ్గర పని నేర్చుకోవడం తగ్గింది. పనివాడు చనిపోతే అతని చేతిలోని విద్య కూడా పోతుంది. దానిని ఏ గ్రంథాలయమూ తిరిగి ఇవ్వలేదు. కుమారస్వామిని తొందరపెట్టిన విషయం ఇదే.

4. ఒక పుస్తకం తయారైన తీరు

ఆయన, ఆయన భార్య ఎథెల్ కలిసి ఊరూరా వివరాలు సేకరించారు. ఎథెల్ ఫొటోలు తీశారు, కుట్టుపనిని ప్రత్యేకంగా పరిశీలించారు. ఫలితంగా 1908లో మధ్యయుగ సింహళ కళను గురించిన పెద్ద గ్రంథం వెలువడింది. ఇంగ్లండులో, విలియం మారిస్ అనే కళాకారుడు వాడిన చేతిముద్రణ యంత్రం మీదనే దానిని అచ్చువేశారు. ముద్రణకు సుమారు 15 నెలలు పట్టింది. వేసిన ప్రతులు 425 మాత్రమే.

ఈ గ్రంథంలో గుడులు, చిత్రాలతోబాటు అడకత్తెరలు, సున్నపుకాయలు, దంతపు దువ్వెనలు, కుండలు, చాపలు, లక్కపని కూడా ఉన్నాయి. వస్తువు బొమ్మతో ఆయన ఆగలేదు. దానిని చేసే పద్ధతి, పనివారి భూమి హక్కులు, వారు అనుసరించిన శిల్పశాస్త్రాలు కూడా చేర్చారు. పనికి వచ్చేదిగా ఉండటం, అందంగా ఉండటం వేరువేరు గుణాలు కావని ఆయన అభిప్రాయం. చక్కని వస్తువు వెనుక చక్కగా బతకగలిగిన పనివాడు ఉండాలని కూడా ఆయన భావించారు.

మీ అవగాహనను పరీక్షించుకోండి
(అ) కుమారస్వామి కనుగొన్న ఖనిజం ఏది?
(ఆ) క్యాండీ రాజ్యంలో పనివారికి ప్రతిఫలం ఏ రూపంలో లభించేది?

5. భారతదేశంలో కృషి

1909లో ఆయన భారతీయ చేతిపనివారిపై మరొక పుస్తకం ప్రచురించారు. పల్లె పనివారిని, పట్టణాల వృత్తిసంఘాలను, ఆస్థాన పనివారిని అందులో వేరువేరుగా పరిశీలించారు. పంటకాలంలో పల్లె పనివారికి ధాన్యంలో వాటా దక్కేది. మన కళ్లాలలో కొలిచే మేర ఇటువంటిదే. అది స్వదేశీ ఉద్యమ కాలం. విదేశీ సరుకును అనుకరించి ఇక్కడ తయారుచేసినంత మాత్రాన స్వదేశీ కాదని, మన పనితనాన్ని నిలుపుకోవాలని ఆయన వాదించారు.

నాట్యశాస్త్ర రంగంలో ఆయనకు ఒక తెలుగువాని సహకారం లభించింది. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. అది 1917లో వెలువడింది. 1921లో చీరాల–పేరాల ఉద్యమాన్ని నడిపిన నాయకుడు ఈ గోపాలకృష్ణయ్యే.

6. బోస్టన్‌లో చివరి 30 సంవత్సరాలు

తాను సేకరించిన కళాఖండాలతో భారతదేశంలో జాతీయ మ్యూజియం నెలకొల్పాలని ఆయన కోరారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1917లో ఆ సేకరణ అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంకు చేరింది. ఆయన కూడా అక్కడి భారతీయ విభాగం బాధ్యత స్వీకరించారు. అద్దాల పెట్టెలో పెట్టిన వస్తువులు ఒకప్పుడు మనుషుల అవసరాలకు పుట్టినవేనని, ఆ అవసరం తెలియనిదే వస్తువు అర్థం కాదని ఆయన సందర్శకులకు, పాఠకులకు బోధించారు.

స్వాతంత్ర్యం వచ్చాక భారతదేశానికి తిరిగి రావాలనుకున్నారు. కాని 1947 సెప్టెంబరు 9న అమెరికాలోనే మరణించారు.

కులవృత్తుల వ్యవస్థను ఆయన మితిమీరి ఆదర్శంగా చూశారని, అందులోని అసమానతలకు తగిన ప్రాధాన్యం ఇవ్వలేదని తరువాతి పండితులు విమర్శించారు. ఈ విమర్శలో నిజం ఉంది. అయినా ఆయన నమోదు చేసిన వివరాల విలువ తగ్గలేదు.

7. సారాంశం

వస్తువును చూడటంతోపాటు, దానిని చేసినవారిని కలిసి, పని తీరును, బతుకు తీరును నమోదు చేయడం కుమారస్వామి పద్ధతి. అంతరించిపోతున్న విద్యలను ఆయన ఈ విధంగా అక్షరాలలో నిలిపారు.

పాఠాంత ప్రశ్నలు
1. క్యాండీ ప్రాంతపు చేతిపనులు క్షీణించడానికి కారణాలు రాయండి.
2. కుమారస్వామిపై వచ్చిన విమర్శను మీరు అంగీకరిస్తారా? ఎందుకు?
3. మీ ఇంటిలోని ఒక పాత వస్తువును ఎన్నుకోండి. దానిని ఎవరు, దేనితో, ఎలా చేశారో పెద్దలను అడిగి 10 వాక్యాలు రాయండి.

జవాబులు: (అ) థోరియనైట్ (ఆ) భూమిని అనుభవించే హక్కు