బడిని భరించలేని పిల్లవాడు పెట్టిన బడి

రవీంద్రనాథ్ ఠాగూర్ అనగానే తెలుగువారికి గీతాంజలి, నోబెల్ బహుమతి, జాతీయగీతం గుర్తొస్తాయి. 1919లో మదనపల్లెకు వచ్చి ఆ గీతాన్ని ఇంగ్లిషులోకి అనువదించిన సంగతీ మనకు ప్రీతిపాత్రమైనదే. కానీ ఆయన తన జీవితంలో నలభై ఏళ్లు, తన డబ్బు, ఓపిక ధారపోసింది ఒక బడి కోసం. చదువుకునే పిల్లలకు ఆ చదువు ఎలా ఉండాలో చెప్పే హక్కు ఉందా అనే ప్రశ్న ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

1861లో కలకత్తా జోడాసాంకోలోని సంపన్న కుటుంబంలో పుట్టిన రవీంద్రుడు చిన్నప్పుడు వరసగా బడులు మారాడు. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూల్, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్. ఎక్కడా కుదురుకోలేదు. నార్మల్ స్కూల్లో పాఠాలకు ముందు పిల్లలందరూ నిలబడి అర్థం తెలియని ఒక ఇంగ్లిషు పాటను వల్లించాలి. అక్కడి పంతులొకాయన నోటికొచ్చినట్టు తిట్టేవాడు. అలాంటి మనిషి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పకూడదని నిర్ణయించుకుని, ఆ పిల్లవాడు ఏడాది పొడుగునా వెనక కూర్చుని నోరు మెదపలేదు. సంవత్సరాంతంలో బెంగాలీ పరీక్షలో అతనికే ఎక్కువ మార్కులు వచ్చాయి. పక్షపాతం జరిగిందని ఆ పంతులు ఫిర్యాదు చేస్తే, పర్యవేక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ పరీక్ష పెట్టారు. మళ్లీ అతనే మొదటివాడు. ఆ ఏడాది మౌనం వెనక ఏముందో అడిగినవాళ్లు మాత్రం లేరు.

పద్నాలుగేళ్లు దాటేసరికి బడి మానేశాడు. 1878లో లండన్ వెళ్లి యూనివర్సిటీ కాలేజీలో చేరినా డిగ్రీ లేకుండానే తిరిగొచ్చాడు. తర్వాత పద్మా నది తీరాన షిలైదాలో జమీందారీ చూసుకుంటూ, తన పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పించాడు. పరాయి భాషలో బట్టీ పట్టించే చదువు పిల్లల ఆలోచనను ఎదగనివ్వదని 1892లోనే వ్యాసం రాశాడు.

1901 డిసెంబరు 22న, బోల్పూర్ దగ్గర తండ్రి దేవేంద్రనాథ్ నెలకొల్పిన శాంతినికేతన్‌లో ఐదుగురు విద్యార్థులతో బడి మొదలైంది. వారిలో ఒకరు ఆయన కొడుకు రథీంద్రనాథ్. మొదట్లో ఫీజు లేదు. అప్పులు పెరిగాయి. భార్య మృణాళినీదేవి తన నగలు అమ్మింది. ఏడాది తిరక్కుండానే ఆమె చనిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లలో కూతురు రేణుక, తండ్రి, చిన్న కొడుకు శమీంద్రనాథ్ ఒకరి వెనక ఒకరు పోయారు. ఆయన బడిని మాత్రం మూయలేదు.

ఆ బడి పుట్టుకతోనే స్వేచ్ఛాలోకమని అనుకోవడం పొరపాటు. దాని మొదటి పేరు బ్రహ్మచర్యాశ్రమం. ప్రాచీన గురుకులాన్ని ఆదర్శంగా పెట్టుకున్న బడి అది. 1902లో ఒక చిక్కు వచ్చింది. విద్యార్థులు ఉపాధ్యాయుల పాదాలకు మొక్కాలన్నది నియమం. బ్రాహ్మణేతరుడైన ఉపాధ్యాయుడి కాళ్లకు బ్రాహ్మణ విద్యార్థులు మొక్కాలా? ఠాగూర్ ఆచారం వైపే మొగ్గాడు. బ్రాహ్మణ ఉపాధ్యాయులకు పాదాభివందనం, మిగతావారికి నమస్కారం చాలన్నాడు. ఈ మాట చెప్పిన మనిషే పదేళ్లు తిరక్కముందే, కదలని ఆచారాల గోడల మధ్య మగ్గే విద్యాలయాన్ని ఎగతాళి చేస్తూ 'అచలాయతన్' నాటకం రాశాడు. ఆయన ఆలోచన మారింది. ఆ మార్పులో బడి కూడా ఆయనకు గురువైంది.

క్రమంగా శాంతినికేతన్‌లో కొత్త పద్ధతులు నిలదొక్కుకున్నాయి. బెత్తానికి చోటు లేదు. పాఠాలు చెట్ల కింద. పిల్లలు తమలోంచే నాయకులను ఎన్నుకునేవారు. చిన్నాచితకా తప్పులను పిల్లల సభే విచారించేది. చేతిరాత పత్రికలు వాళ్లే నడిపేవారు. వసతి గృహాల దినచర్య చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉండేది. ఇదంతా చూసి వలస ప్రభుత్వానికి అనుమానం కలిగింది. ప్రభుత్వోద్యోగులు తమ పిల్లల్ని అక్కడికి పంపడం తగదని తూర్పు బెంగాల్-అస్సాం ప్రభుత్వం రహస్యంగా హెచ్చరించింది.

1915లో ఈ పద్ధతికి అసలైన పరీక్ష ఎదురైంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గాంధీ, జీతానికి పెట్టుకున్న వంటవాళ్లను మాన్పించి విద్యార్థులూ ఉపాధ్యాయులే వంట, శుభ్రం చేసుకోవాలని సూచించాడు. అప్పుడు అక్కడ సుమారు 125 మంది పిల్లలున్నారు. వాళ్లు ఉత్సాహంగా ఒప్పుకున్నారు. ఉపాధ్యాయుల్లో కొందరికి ఇష్టం లేదు. ఉపాధ్యాయులు సమ్మతిస్తే తనకు అభ్యంతరం లేదన్నాడు ఠాగూర్. స్వరాజ్యానికి తాళంచెవి ఇందులోనే ఉందని పిల్లలకు చెప్పాడు. మార్చి 10న పని మొదలైంది. గిన్నెలు తోమేవాళ్ల అలసట తీరడానికి కొందరు పక్కన కూర్చుని సితార్ వాయించారు. కొంతకాలానికి ఆ ప్రయోగం ఆగిపోయింది. మార్చి 10ని మాత్రం ఇప్పటికీ అక్కడ గాంధీ పుణ్యాహంగా జరుపుతారు. వంటవాళ్లకు సెలవిచ్చి ఆ రోజు పనులన్నీ విద్యార్థులూ ఉపాధ్యాయులే చేస్తారు.

మరుసటి ఏడాది కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో గొడవ జరిగింది. విద్యార్థులను అవమానించాడన్న ఆరోపణపై ప్రొఫెసర్ ఓటెన్‌ను కొందరు కొట్టారు. సుభాష్ చంద్రబోస్ కాలేజీ నుంచి బహిష్కృతుడయ్యాడు. పెద్దలంతా క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్న సమయంలో ఠాగూర్ విద్యార్థుల వైపు నుంచి వ్యాసం రాశాడు. దెబ్బలను ఆయన మెచ్చుకోలేదు. బాల్యం దాటి యౌవనంలోకి అడుగుపెట్టే వయసులో ఆత్మగౌరవానికి తగిలే చిన్న గాయమూ లోతుగా దిగుతుందని, జైలు అధికారులుగానో, సైన్యంలో కవాతు చేయించేవారిగానో పనికొచ్చేవారికి విద్యార్థులను అప్పగించకూడదని వాదించాడు. నార్మల్ స్కూల్లో ఏడాదిపాటు మౌనంగా కూర్చున్న పిల్లవాడు ఆ వ్యాసంలో కనిపిస్తాడు.

1918లో రాసిన చిలక కథలో పుస్తకాలు కుక్కి కుక్కి చిలకను చంపేస్తారు. దాని పంజరం బాగుందా, పండితులకు జీతాలు అందాయా అని అందరూ చూస్తారు. చిలక సంగతి ఎవరికీ పట్టదు. 1921లో విశ్వభారతి ఏర్పడింది. 1924లో పల్లె పిల్లల కోసం శిక్షాసత్ర మొదలైంది. మన బెజవాడ గోపాలరెడ్డి లాంటివారు చదువుకున్నది ఆ వాతావరణంలోనే. అయితే తల్లిదండ్రులకు సర్టిఫికెట్లు కావాలి. అందుకే శాంతినికేతన్ కలకత్తా విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు కూడా పిల్లల్ని తయారు చేయాల్సి వచ్చింది. అది ఆయనకు చివరిదాకా ముల్లులా గుచ్చుకుంది.

1930లో రష్యా వెళ్లినప్పుడు మాస్కోలో పయనీర్ పిల్లల కమ్యూన్ చూశాడు. తప్పు చేసినవారిని మీరేం చేస్తారని అడిగి, దాన్ని తామే కూర్చుని తేల్చుకుంటామన్న వాళ్ల జవాబును శ్రద్ధగా విన్నాడు. అక్కడ చదువు జనంలోకి వెళ్తున్న తీరుకు ముగ్ధుడయ్యాడు. అయినా, అందరినీ ఒకే అచ్చులో పోసే చదువు నిలవదని అదే పర్యటన లేఖల్లో హెచ్చరించాడు. పిల్లలు సభలు పెట్టుకోవడం ఒక్కటే ఆయనకు చాలలేదు. ఆ సభలో పెద్దలు ఊహించని మాట పుట్టే వీలుండాలి.

1941 ఆగస్టు 7న ఆయన కన్నుమూశాడు. పదేళ్లకు విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. బడిలో శారీరక శిక్షను నిషేధించే విద్యాహక్కు చట్టం 2009లో గానీ రాలేదు. ఆ చట్టం చెప్పిన పాఠశాల యాజమాన్య కమిటీల్లో మూడొంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి. విద్యార్థులు తప్పనిసరిగా ఉండాలని మాత్రం అందులో లేదు. బడి గంటలు, వార్డెన్ తీరు, హాస్టల్ భోజనం, పరీక్షల ఒత్తిడి... వీటి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే. ఠాగూర్ ప్రయోగంలో కొన్ని నిలిచాయి, కొన్ని ఆగిపోయాయి, కొన్నిచోట్ల ఆయనే తడబడ్డాడు. పిల్లవాడి మౌనాన్ని క్రమశిక్షణ అనుకోకూడదన్న దగ్గర మాత్రం ఆయన వెనక్కి తగ్గలేదు.