ముంజేతిలో యంత్రాన్ని చూసినవాడు

ఇన్‌స్టాలో బయోమెకానికల్ టాటూలు చూసే ఉంటారు. ముంజేతి మీద చర్మం చిరిగినట్టు, లోపల కండల బదులు పిస్టన్లు, గేర్లు, కేబుళ్లు! రంగుల్లేవు, నలుపూ బూడిద ఛాయలతోనే లోతంతా తెప్పిస్తారు. ఈ శైలి స్విస్ చిత్రకారుడు గీగర్ బొమ్మల నుంచి, 1979లో వచ్చిన ‘ఏలియన్’ సినిమా నుంచి పుట్టింది. కానీ చెయ్యిని యంత్రంలా విప్పి చూసి గీసినాయన అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందే ఉన్నాడు. మీకు ‘మోనాలిసా’తో తెలిసిన లియోనార్డో డావిన్సీయే.

1452లో ఇటలీలోని విన్సీ ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి నోటరీ. తల్లిదండ్రులకు పెళ్లి కాకపోవడంతో ఆ వృత్తి కొడుక్కి దక్కే దారి లేదు. లాటిన్ చదువూ అంతంతే. ఫ్లోరెన్స్‌లో వెరోకియో అనే కళాకారుడి వర్క్‌షాపులో చేరి బొమ్మలు, శిల్పాలు, లోహపు పని నేర్చుకున్నాడు. ఇప్పటి మాటల్లో, డిగ్రీ లేని ఇంజినీరన్నమాట.

1489 ప్రాంతంలో పుర్రెల బొమ్మలతో మొదలుపెట్టి, తర్వాత ఆస్పత్రుల్లో శవాలను కోసి చూశాడు. ఫ్రిజ్‌లు లేని కాలం, ఆ వాసన మీరే ఊహించుకోండి. 1510-11 చలికాలంలో గీసిన 18 కాగితాల్లో 240కి పైగా బొమ్మలున్నాయి. పెన్ను, సిరా, పైన పలుచటి వాష్.

అందులో చెయ్యి బొమ్మలు అద్భుతం. ఇప్పుడే ఓ పని చేయండి. కుడి మోచెయ్యి మడిచి, అరచెయ్యి నేల వైపు పెట్టండి. ఎడమ చేత్తో కుడి దండ కండను పట్టుకుని, అరచేతిని గట్టిగా పైకి తిప్పండి. కండ బిగిసింది కదా? బైసెప్స్ చెయ్యిని మడవడమే కాదు, తిప్పుతుంది కూడా. స్క్రూడ్రైవర్ తిప్పే బలం చాలావరకు అక్కడిదే. ఈ సంగతి లియోనార్డో పట్టేశాడు. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు ముంజేతిలోని రెండెముకలు పక్కపక్కన ఉంటాయి. కిందికి తిప్పితే ఒకటి రెండోదాని మీదుగా అడ్డంగా వస్తుంది. రెండూ గీసి చూపించాడు. (ముంజేతి మీద టాటూ అనుకుంటున్నారా? స్టెన్సిల్ పెట్టేటప్పుడు అరచెయ్యి రెండు వైపులా తిప్పి చూడండి. నిటారు పిస్టన్ కాస్తా మెలితిరిగిపోతుంది, తర్వాత చెరపడం మహా కష్టం.) భుజం దగ్గరైతే కండరాల బదులు తాళ్లే గీశాడు, ఏది ఎటు లాగుతోందో తెలియడానికి. టాటూల్లోని కేబుళ్లు గుర్తొస్తాయి.

ఇదంతా పుస్తకంగా తేవాలనుకున్నాడు. పావియా విశ్వవిద్యాలయంలో శరీరశాస్త్రం చెప్పే మార్కాంటోనియో డెల్లా టోర్రే తోడుగా ఉన్నాడు. 1511లో ప్లేగు ఆయన్ని తీసుకుపోయింది. 1515లో రోమ్‌లో ఎవరో ఫిర్యాదు చేస్తే శవాల పనీ ఆగింది. అయినా నాకు అనిపించేదేంటంటే, అసలు అడ్డంకి లియోనార్డోనే. ఇంకో ప్రశ్న, ఇంకో బొమ్మ అంటూ పోయాడు తప్ప, ఇక చాలు, అచ్చుకిద్దాం అనుకోలేదు.

1517లో ఫ్రాన్స్‌లో ఆయన్ని చూసొచ్చిన వాళ్లు కుడిచెయ్యి చచ్చుబడిందని రాశారు. అదృష్టం, ఆయనది ఎడమచేతి వాటం. బొమ్మలు గీయడం ఆగలేదు. 1519 మే 2న కన్నుమూశాడు. కాగితాలన్నీ శిష్యుడు మెల్జీకి చేరాయి. 1543లో వెసాలియస్ శరీర నిర్మాణం మీద తన పుస్తకం అచ్చువేసి ఆ శాస్త్రానికి ఆద్యుడనిపించుకున్నాడు. లియోనార్డో కాగితాలు చేతులు మారుతూ ఇంగ్లండ్ రాజుల విండ్సర్ కోటకు చేరాయి. ఆ 18 కాగితాలు అచ్చయింది 1898లో.