జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, ఆవిష్కర్త. ఈయనకు ఇంజనీరింగు పట్టా లేదు. యంత్రాలను స్వయంగా విప్పి, వాటి లోపాలను కనిపెట్టి, తిరిగి బిగించడం ద్వారానే యంత్రవిద్యను, విద్యుత్ విద్యను నేర్చుకున్నాడు. బస్సు రవాణా, విద్యుత్ మోటార్ల తయారీ, సాంకేతిక విద్య రంగాలలో విశేష కృషి చేశాడు. ఈయనను "భారతదేశపు ఎడిసన్" అని వ్యవహరిస్తారు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తరతరాలుగా తమిళదేశంలో స్థిరపడిన ఒక తెలుగు వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి. పసితనంలోనే తల్లి మరణించింది. నాయుడుకు బడి చదువు రుచించలేదు. ప్రాథమిక స్థాయి దాటి చదవలేదు. కొంతకాలం పొలం పనులు చూశాడు.

మోటారు సైకిలు

ఒక బ్రిటిషు అధికారి తమ ప్రాంతానికి మోటారు సైకిలుపై రావడం చూసిన నాయుడు అటువంటి వాహనాన్ని సంపాదించాలని నిశ్చయించుకున్నాడు. కోయంబత్తూరులో ఒక హోటలులో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ అధికారి వద్దనే అతడు వాడిన రడ్జ్ మోటారు సైకిలును కొన్నాడు. దానిని పూర్తిగా విప్పి, ప్రతి భాగం చేసే పనిని గ్రహించి, మళ్ళీ బిగించాడు. ఈ వాహనమే ఆయనకు తొలి పాఠశాల అయ్యింది.

ఆ కాలపు మోటారు సైకిళ్ళలో బ్యాటరీ ఉండేది కాదు. ఇంజనుతో పాటు తిరిగే మాగ్నెటో అనే చిన్న యంత్రం విద్యుత్తును పుట్టించేది. సరైన క్షణంలో పాయింట్లు విడివడినప్పుడు అధిక వోల్టేజి ఏర్పడి, తీగ ద్వారా స్పార్క్ ప్లగ్గుకు చేరి, నిప్పురవ్వ వచ్చేది. పాత బండి కదలనప్పుడు ముందుగా ప్లగ్గును ఊడదీసి, దాని లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి, ఇంజనును తిప్పి చూడాలి. రవ్వ బలంగా వస్తే లోపం చాలావరకు పెట్రోలు సరఫరాలోనో, రవ్వ పడే సమయంలోనో ఉంటుంది. రవ్వ రాకపోతే ప్లగ్గుకు పట్టిన మసి, తీగపై పగిలిన తొడుగు, అరిగిన పాయింట్లు, చుట్టలో చేరిన తేమ, బలహీనపడిన అయస్కాంతం - ఇలా ప్లగ్గు నుండి మూలం వైపు ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ పోవాలి. ఊహను బట్టి భాగాలు మార్చడం కాక, వరుస తప్పక పరీక్షించడమే ఈ విద్యకు ప్రాణం.

బస్సు రవాణా

నాయుడు తిరుపూరులో పత్తి వ్యాపారం చేసి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో లాభాలు గడించాడు. అయితే బొంబాయి పత్తి వ్యాపారంలో ఆ ధనాన్ని పోగొట్టుకున్నాడు. తరువాత కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికవేత్త స్టేన్స్ సహాయంతో 1920 లో ఒక బస్సును సమకూర్చుకొని, పొల్లాచ్చి - పళని మధ్య నడిపాడు. తొలిరోజులలో ఆయనే డ్రైవరు. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) 280 బస్సులకు ఎదిగింది.

ఈ కాలంలో వాహనాలలో డైనమో, బ్యాటరీ, విద్యుద్దీపాలు ప్రవేశించాయి. దానితో లోపాలూ పెరిగాయి. బస్సు ఇనుప చట్రమే విద్యుత్తు తిరుగుదారి కనుక, తీగ తొడుగు ఎక్కడ ఒరిసినా షార్ట్ అవుతుంది. డైనమో ఛార్జి చేయకపోతే దీపాలు మసకబారి, మరునాటి ఉదయం బ్యాటరీ అడుగంటుతుంది. వేళకు బస్సు నడపవలసిన సంస్థకు సొంత మరమ్మత్తు విభాగం తప్పనిసరి అయ్యింది.

ఆవిష్కరణలు

1937 లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి విద్యుత్ మోటారును తయారుచేశాడు. ఇది దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా ప్రసిద్ధి పొందింది. అనంతరకాలంలో కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు దేశంలో ముఖ్యకేంద్రంగా ఎదిగింది. గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతంలో బోరుబావులపై ఆధారపడిన రైతులకు కూడా ఈ ఊరి పేరు సుపరిచితం.

బ్యాటరీతో నడిచే చిన్న మోటారు గల క్షౌర యంత్రం, కిరోసినుతో నడిచే పంకా, పండ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం ఈయన ఇతర ఆవిష్కరణలు. 1941 లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించాడు. 1952 లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయల ధరకు రూపొందించాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున దాని తయారీ ఆగిపోయింది. పాత వాహనంతో జీవితం ప్రారంభించిన ఈయనకు సామాన్యుడి చేత కొత్త కారు కొనిపించాలన్న కోరిక తీరలేదు.

సాంకేతిక విద్య

కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడడానికి నాయుడు ప్రధాన కారకుడు. 1945 లో ఈయనే కళాశాల ప్రిన్సిపాలు. యంత్రాలపై నేరుగా పనిచేస్తూ నేర్చుకుంటే నాలుగేళ్ళ చదువు అవసరం లేదని, రెండేళ్ళు చాలునని ఈయన అభిప్రాయం. బ్రిటిషు ప్రభుత్వం అందుకు అంగీకరించకపోవడంతో పదవికి రాజీనామా చేశాడు. ఆ కళాశాలయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా మారింది. పట్టా లేనివాడు కళాశాలను నడపడం ఎంత అరుదో, పట్టాకు పట్టే కాలాన్ని తగ్గించలేక దానిని వదులుకోవడం అంత అరుదు.

మరణం, స్మృతి

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. కోయంబత్తూరులో ఈయన పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల ఉంది. అక్కడే 2015 లో పాత కార్ల మ్యూజియం కూడా ప్రారంభమైంది. 2025 లో నగరంలోని అవినాశి రోడ్డుపై నిర్మించిన పొడవైన పైవంతెనకు ఈయన పేరు పెట్టారు.