విప్పి బిగించిన మనిషి

బండి ఆగిపోతే మనం మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. జి.డి. నాయుడు గారు బాగా నడుస్తున్న బండినే విప్పేశారు.

1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఒకరోజు ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద రావడం చూశారు. ఎద్దూ గుర్రమూ లేకుండా ఆ బండి ఎలా కదులుతోంది? అది తెలియక నిద్ర పట్టని మనిషి ఆయన. కోయంబత్తూరు వెళ్లి, హోటల్లో సర్వర్‌గా చేసి, డబ్బు కూడబెట్టి ఆ బండి కొన్నారు. కొని షికారు చేయలేదు. మొత్తం విప్పి, మళ్లీ బిగించారు. యూట్యూబ్ లేని రోజులు మరి!

అలాగే మెకానిక్ అయ్యారు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపారు. ఆ ఒక్క బస్సే పెద్ద రవాణా సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటార్ తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటార్ అదే అంటారు.

1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ మొదలవడానికి ఆయనే కారణం. కానీ ఇంజనీరింగ్‌కి నాలుగేళ్లు దండగని ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రిన్సిపాల్ పదవి వదిలేశారు. 1974లో కన్నుమూశారు.

ఆ నాలుగేళ్ల మధ్యలో ఉన్న మనకి ఇది కొంచెం గుచ్చుకుంటుంది. ఎవరో రాసిన లైబ్రరీ ఇంపోర్ట్ చేస్తాం, రన్ అయితే చాలనుకుంటాం. నేను పూర్తిగా విప్పి, మళ్లీ బిగించగలిగింది ఏదైనా ఉందా అని లెక్కేసుకున్నా. ఒక్కటీ తేలలేదు.

ఈ సెలవుల్లో ఒకటి విప్పుతా.