ధవళేశ్వరంలో కాటన్ దొర గుర్తులు

రాజమహేంద్రవరానికి దిగువన గోదావరి ఒడ్డున ధవళేశ్వరమనే చిన్న ఊరు కలదు. అక్కడ కోటలు, రాజుల మేడలు వెదకరాదు. కాలువ తలుపులు, లాకులు, కొండమీద జనార్దనస్వామి కోవెల, ఇవే చూడదగినవి. కోవెల మాట అటుంచితే, తక్కినవి సర్ ఆర్థర్ కాటన్ దొర పేరుతో ముడిపడినవి.

1803లో ఇంగ్లండులో జన్మించిన ఈ దొర 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరారు. తమిళదేశంలో కాపురమున్న మనకు ఆయన ముందుగా కావేరి మనిషి. కరికాల చోళుని పేరు మోస్తున్న కల్లణను పరిశీలించి, అడుగున రాయి లేకున్నను ఇసుకమీదనే ఆనకట్ట నిలుపవచ్చునని గ్రహించారు. 1836 నాటికి కొళ్ళిడం నదిపై రెండు ఆనకట్టలు కట్టించారు. ధవళేశ్వరానికి కావలసిన విద్య ఆయనకు అక్కడనే అబ్బినదని మా అభిప్రాయం.

అప్పటికి గోదావరి సీమ దుస్థితిలో ఉన్నది. నీరు సముద్రం పాలు, జనం కరువు పాలు. 1832-33 నాటి నందన కరువును పెద్దలు చాలకాలం మరువలేదు. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి ఆరు లక్షలకు లోపే మిగిలినది. చచ్చినవారు కొందరు, ఊళ్లు విడిచినవారు కొందరు. పొట్టచేతబట్టుకొని పొరుగు దేశం చేరడం మనవారికి కొత్త కాదు!

కాటన్ దొర నివేదికపై 1846లో అనుమతి లభించి, 1847లో పని మొదలయినది. ధవళేశ్వరం కొండల రాతిని పట్టాలమీద బండ్లలో నదికి చేర్చారు. పదివేల మంది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు దిగారు. ఎండకు ఆరోగ్యం చెడి 1848లో దొర ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చినది. ఆ కాలంలో కెప్టెన్ ఓర్ పని నడిపారు. కూలీలను కూడగట్టి, పని చేయించిన ఓవర్సీయరు వీణెం వీరన్నగారికి రాయ్ బహద్దూర్ బిరుదు వచ్చినది. దొర విగ్రహాలు డెల్టాలో ఊరూరా ఉన్నవి, వీరన్నగారి పేరెత్తేవారు మాత్రం తక్కువ. 1852కు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాల ఆనకట్ట పూర్తయినది. కాలువలు పొలాలకు నీరిచ్చుటే గాక పడవలకు దారులయినవి.

1860లో దొర స్వదేశం చేరారు, మరుసటి ఏడు సర్ బిరుదు పొందారు. రైళ్లకంటె కాలువలే మేలని వాదించినందుకు 1878లో పార్లమెంటు సంఘం ఎదుట నిలిచి జవాబు చెప్పుకోవలసి వచ్చినది. 1899లో, 96వ ఏట, కన్నుమూశారు.

పాత ఆనకట్ట స్థానే కట్టిన బ్యారేజి 1982 నుండి ఆయన పేరుతో నిలిచి ఉన్నది. నాటి పనిముట్లు, చిత్రాలతో ధవళేశ్వరంలోనే మ్యూజియం కలదు. సెలవులకు గోదావరి జిల్లాలకు వెళ్లే కుటుంబాలవారు ఒక పూట అక్కడ ఆగి, పిల్లలకు ఆ లాకులు చూపవలెనని మా కోరిక.