మేడ మీద సీసాలు

ఇటలీలోని బొలోన్యా యూనివర్సిటీ కెమిస్ట్రీ బిల్డింగ్ మేడ మీద తీసిన పాత ఫొటో ఒకటుంది. ఎటు చూసినా గాజు సీసాలు, ట్యూబులు. మధ్యలో గడ్డం ఉన్న ఓ పెద్దాయన. మనవాళ్లు మాగాయ ముక్కలు ఎండబెట్టినట్టు ఆయన కెమికల్స్‌ని ఎండలో పెట్టి, నెలల తరబడి చూస్తూ ఉండేవారు. పేరు జాకొమో చమీచాన్.

1857లో ట్రియెస్టెలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు ఆస్ట్రియా కింద ఉండేది, వీళ్ల కుటుంబానిది ఆర్మేనియన్ మూలం. వియన్నాలో చదివి, 1880లో జర్మనీలోని గీసెన్‌లో డాక్టరేట్ తీసుకుని, రోమ్‌లో కనిజారో దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. పైరోల్ మీద చేసిన పనితో మంచి పేరొచ్చింది. అక్కడితో ఆగినా గొప్ప కెమిస్టే.

కానీ 1886లో ఒక చిన్న ప్రయోగం చేశారు. క్వినోన్‌ని ఆల్కహాల్‌లో కరిగించి ఎండలో ఉంచారు. ఆల్కహాల్ తన హైడ్రోజన్‌ని క్వినోన్‌కి ఇచ్చేసి ఆల్డిహైడ్‌గా మారింది, క్వినోన్ హైడ్రోక్వినోన్ అయింది. ఒకటి ఇచ్చింది, ఇంకోటి పుచ్చుకుంది. మధ్యవర్తి వెలుతురు. వేడి చెయ్యలేదు, యాసిడ్ పొయ్యలేదు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1889లో బొలోన్యా వచ్చారు. 1900 నుంచి పాల్ సిల్బర్ అనే జర్మన్ సహచరుడితో కలిసి పూర్తిగా వెలుతురు మీదే పడ్డారు. ఏ రంగు వెలుతురు పనిచేస్తుందో కూడా విడిగా పరీక్షించారు. నీలం వైపు కాంతి చేసే పని ఎరుపు చెయ్యలేదని తేలింది. ఒక్కో ప్రయోగానికి నెలలు. కోడ్ రన్ అవ్వడానికి రెండు నిమిషాలు పడితేనే ఫోన్ తీసే నాలాంటివాడికి ఆ ఓపిక అర్థం కావడం కష్టం.

1912లో న్యూయార్క్‌లో ప్రపంచ కెమిస్టుల ముందు మాట్లాడారు. బొగ్గు రాజ్యమేలుతున్న రోజులవి. ఆ బొగ్గు ఎప్పటికీ ఉండదని, ఎడారుల్లో గాజు గొట్టాలు పరిచి సూర్యుడితో పని చేయించుకోవాలని, సరైన క్యాటలిస్ట్ దొరికితే నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ నుంచి ఇంధనం కూడా తియ్యొచ్చని చెప్పారు. ఆయన చేతిలో లేనిది ఆ క్యాటలిస్టే.

అది చాలా ఆలస్యంగా వచ్చింది. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద కాంతి వేసి నీటిని విడగొట్టారు. మన గోడల పెయింట్‌లో ఉండే తెల్ల పొడే అది. ఇప్పుడు దాన్నే విషలోహాల మీద వాడుతున్నారు. ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్ల నీళ్లలో వచ్చే క్రోమియం-6 క్యాన్సర్ కారకం, నీళ్లలో సులువుగా కరిగిపోతుంది. ఆ పొడి మీద అల్ట్రావయొలెట్ పడితే ఎలక్ట్రాన్లు లేస్తాయి. ఒక్కో క్రోమియం మూడేసి తీసుకుని, విషం బాగా తక్కువైన క్రోమియం-3 అవుతుంది. ఎలక్ట్రాన్ పోయిన ఖాళీని ఎవరో ఒకరు పూడ్చాలి కదా, అందుకే ల్యాబ్‌లో చాలాసార్లు ఆల్కహాల్ కలుపుతారు. అంటే ఇచ్చేది మళ్లీ ఆల్కహాలే! క్వినోన్ ఉన్న చోట క్రోమియం వచ్చి కూర్చుంది, అంతే.

అయితే లోహం మాయం కాదు. రియాక్షన్ యాసిడ్‌లో బాగా నడుస్తుంది. తర్వాత సున్నం లాంటిది వేసి యాసిడ్‌ని తగ్గిస్తే క్రోమియం-3 హైడ్రాక్సైడ్‌గా అడుగుకి దిగుతుంది, దాన్ని వడకట్టాలి. క్యాటలిస్ట్ పొడిని కూడా వెనక్కి తియ్యాలి. ఈ సంగతి వదిలేసి ఎండే నీళ్లు శుభ్రం చేసేస్తుందని చెప్పేవాళ్లని నేను నమ్మను.

చమీచాన్ పేరు నోబెల్‌కి తొమ్మిది సార్లు వెళ్లింది, ఒక్కసారీ రాలేదు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి సిల్బర్‌తో కలిసి చేసే పని ఆగిపోయింది. 1922 జనవరి 2న బొలోన్యాలోనే చనిపోయారు. ఆ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కి ఇప్పుడు ఆయన పేరే.

రంగుల గొడవ మాత్రం ఇంకా తీరలేదు. టైటానియం డయాక్సైడ్‌కి కావాల్సిన అల్ట్రావయొలెట్ మన ఎండలో నూటికి ఐదు వంతులు కూడా ఉండదు. మిగతా వెలుతురుతో కూడా పనిచేసే క్యాటలిస్ట్ కోసం ఇవాళ్టికీ ల్యాబుల్లో రంగు రంగుల ఫిల్టర్లు పెట్టి చూస్తూనే ఉన్నారు.